ఉగాది దాకా మా ఇంటి ఆటగాడు

మొన్న ప్రొద్దుటూరు బజారులో గానుగ నూనెల అంగడి ముందు నిలబడి, మోకాళ్ళకు రాసుకుందామని ఆముదం పోయించుకుంటున్నాను. అంగడాయన డబ్బా మూత తీసి సీసాలోకి వంచాడో లేదో, ఆ చిక్కటి వాసన ముక్కుకు తగిలి నా కడుపులో ఎప్పటిదో పాత మంట భగ్గుమంది. ఆముదం వాసనకు అందరికీ చిన్నప్పుడు అమ్మ తలంటిన ఆదివారాలు గుర్తొస్తాయట. నాకు ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. ఆ తోలు బంతికి ఆముదం పట్టిస్తూ మా అరుగు మీద కూర్చున్న మా నాయన గుర్తొస్తాడు. నాయన పక్కనే, నేను కూర్చోవలసిన చోట, కాళ్ళు బారజాపుకుని కూర్చున్న బళ్ళారి ఖాదరు గుర్తొస్తాడు. ఖాదరు గుర్తొచ్చాడంటే ఆ పూట నాకు అన్నం సయించదు. ఎనభైకి దగ్గరపడ్డ ముసలిదానివి, ఇంకా కుళ్ళుకుంటున్నావా అని మీరు అడగవచ్చు. కుళ్ళుకుంటున్నాను. ఏం, దానికి కూడా వయసు అడ్డమా?

అప్పుడు కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని మన రాజ్యం, మన కర్నూలు అంటూ మీసాలు దువ్వుకుంటుంటే, పిల్లలకు మాత్రం లోకమంటే ప్రొద్దుటూరే. చలికాలం వెనకబడుతుండగా దువ్వూరు వైపు నుంచి పత్తి బండ్లు బారులు తీరి వచ్చేవి; వీధి పొడుగునా దూది పింజలు ఎగిరి ఆరేసిన చీరలకూ, ఎనుముల మూతులకూ, మా జడలకూ అంటుకునేవి; మిల్లు దగ్గర పత్తిగింజల వాసన, మిద్దెల మీద ఎండుతున్న మిరపకాయల ఘాటు, పొద్దు వాలితే అంగళ్ళలో బొరుగుల ఉగ్గాని మీద పిండిన నిమ్మకాయ వాసన, పక్కనే సలసల కాగే బజ్జీల నూనె వాసన, అన్నీ కలిసి మా ఊరి గాలి. మా నాయనకు దువ్వూరు దారిలో పత్తి చేను ఉండేది, ఊళ్ళో పత్తి దళారీ పని ఉండేది. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న మా అవ్వ, నేను. నేనొక్కదాన్నే సంతానం. అది ఎవరికైనా లోటుగా కనిపిస్తుందని నాకు అప్పటికి తెలియదు.

కర్నూలు రాజ్యం సంగతి ఏమో గానీ, నాకూ ఒక రాజ్యం ఉండేది. అందులో ఉన్నవి రెండే. ఒకటి నాయన సైకిలు ముందు కడ్డీ. దాని మీద తువ్వాలు మడిచి కట్టి నన్ను కూర్చోబెట్టుకుని సాయంత్రం మిల్లు దాకా తొక్కుకుపోయేవాడు, నా నెత్తి మీద ఆయన గడ్డం గుచ్చుకునేది, ఆయన బీడీ కంపు కూడా నాకు కమ్మగానే ఉండేది. రెండోది కడ ముద్ద. దీపాలు పెట్టే వేళకు వంటింట్లో నాయన భోజనానికి కూర్చునేవాడు. సంగటి అయిపోయి, పప్పు అయిపోయి, చివర పెరుగన్నంలోకి వచ్చేసరికి నేను ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చునేదాన్ని. మామిడికాయ ఊరగాయ కారం కాస్త అద్ది, పైన మీగడ తునక పెట్టి, ఆయన చేతి పట్టంత ముద్ద చేసి నా అరచేతిలో పెట్టేవాడు. అప్పటికే నేను పొట్ట పగిలేట్టు తిని ఉన్నా సరే, ఆ ముద్ద పడితే గానీ నాకు నిద్ర వచ్చేది కాదు.

ఈ రెండింటికీ చేటు తెచ్చింది ఫుట్‌బాలు. జమ్మలమడుగులో ఆసుపత్రి కాంపౌండర్లు, బడి అయ్యవార్లు కలిసి ఒక మంచి జట్టు పెట్టుకుని ఉండేవారు. ఏటా మా ఊరివాళ్ళు వాళ్ళతో ఆడటం, ఓడటం, తలలు వంచుకుని బస్సెక్కి రావటం. ఆ ఏడు ఓడి వచ్చినరోజు పత్తి మిల్లు శెట్టి మా అరుగు మీద కూలబడ్డాడు. బొద్దు మనిషి, కోపం వచ్చినా దుఃఖం వచ్చినా తువ్వాలుతో విసురుకునే అలవాటు.

"ఇంగొకసారి ఆ జమ్మలమడుగోళ్ళ చేతిలో ఓడినామంటే నేను పెన్నలో దూకతా అప్పా" అన్నాడు.

"దూకేదానికి నీళ్ళుండాల గదా శెట్టీ. ఇసకలో దూకి నడుము ఇరగ్గొట్టుకుంటావా?" అన్నాడు నాయన.

అందరూ నవ్వారు గానీ, ఆ నవ్వులోనే ఎవరికో ఆలోచన తట్టింది. మనకు ఆట రాకపోతే ఆట వచ్చినవాళ్ళను జీతమిచ్చి తెచ్చుకుందాం. ఆటకు జీతమేమిటని అవ్వ వంటింట్లోంచే ముక్కు మీద వేలేసుకుంది. ఆ రోజుల్లో మా వైపు జీతమిచ్చి ఆడించే జట్టు అనే మాటే ఎవరూ విని ఉండరు. సరే, జీతమిస్తాం, మరి మనిషిని పెట్టుకునే పద్ధతి ఏది? అరుగు మీద ఉన్నవాళ్ళందరూ సేద్యగాళ్ళూ, పత్తివాళ్ళూ. వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒక్కటే, సేద్యానికి జీతగాన్ని పెట్టుకునే పద్ధతి. ఉగాది నుంచి ఉగాదికి. తిండి మనది, రెండు జతల గుడ్డలు మనవి, కప్పుకోను కంబళి మనది, కాళ్ళకు చెప్పులు మనవి. చెప్పులకు బదులు బూట్లు అనుకున్నారు, అంతే తేడా.

జీతగాడి మర్యాద ఒకటి ఉండేది మా వైపు. ఏడాది తిరిగి ఉగాది వచ్చిన పొద్దున, జీతగాడు ఆ ఇంట్లో భక్ష్యాలతో కడుపునిండా తింటాడు. వాడు చెయ్యి కడుక్కునే లోపల యజమాని వచ్చి "ఈ యేడు గూడా ఉంటావా?" అని నోరు తెరిచి అడగాలి. అడిగి, ఆకూవక్కా చేతిలో పెడితే మళ్ళీ ఉగాది దాకా వాడు ఆ ఇంటివాడు. అడగకుండా చెయ్యి కడుక్కున్నాడంటే వాడు ఎవరివాడూ కాదు, వీధిలో ఎవరు ఆకూవక్కా ఇస్తే వాళ్ళ వెంట పోతాడు. ఒకసారి వేరేవాళ్ళ ఆకూవక్కా పట్టినవాణ్ణి వెనక్కి పిలవడం ఎంత పెద్ద రైతుకైనా తలవంపే.

ఆ విధంగా ఆ ఉగాదికి మా ఊరికి ఆటగాళ్ళు దిగారు. కర్నూలు నుంచి కొందరు, ఆదోని నుంచి ఒకరిద్దరు. వాళ్ళను తలా ఒక ఇంటికి పంచుకున్నారు. మా ఇంటి వంతుకు వచ్చింది ఖాదరు. నాయన పత్తి పని మీద బళ్ళారి పోయినప్పుడు అక్కడి మైదానంలో అతని ఆట చూసి, చూసినచోటే మాట్లాడి తెచ్చాడు. చెప్పుకోదగ్గ అందగాడేమీ కాదు. పొట్టివాడు, కాళ్ళు కాస్త వంకర, ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. ఆ వంకర కాళ్ళ మధ్య బంతి పడితే మాత్రం, కుక్కపిల్ల యజమాని వెంట తిరిగినట్టు తిరిగేదట. తిరిగేదట అంటున్నానెందుకంటే మొదట్లో నేను చూడలేదు, చూడనని పట్టుబట్టి ఇంట్లోనే కూర్చున్నాను.

"చిన్నాయన అని పిలువు పాపా" అన్నాడు నాయన, వచ్చిన రోజే.

నేను పిలవలేదు. ఆ ఏడాది పొడుగునా "బళ్ళారాయన" అనే అన్నాను.

అవ్వ అతన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. పంచలో పీట వేయించింది, పళ్ళెం వేరుగా పెట్టింది, అతని పళ్ళెం అతనే కడుక్కోవాలంది. ఖాదరు నవ్వుతూ సరేనన్నాడు. నాయన తన పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి లేచి వెళ్ళి పంచలో ఖాదరు పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నాయన భోజనం పంచలోనే. అవ్వ వారం రోజులు మూతి ముడుచుకుంది. నేను ఏడాది ముడుచుకున్నాను. వంటింట్లో ఆ మూల, ఉట్టి కింద, నాయన కూర్చునే పీట ఖాళీగా గోడకు ఆనించి ఉంటే దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

తిండి సంగతి చెబితే మీరు నమ్మరు. ఆటగాడికి బలం కావాలని పొద్దున్నే గుడ్లు, బొమికల చారు, నానబెట్టిన శనగలు. అప్పటిదాకా గుడ్డు అనేది నాకు జ్వరం వచ్చి తగ్గినప్పుడు పెట్టే వస్తువు. చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, వేయించితే పైన ఉన్న పెద్ద కాయలు అతనికి, అడుగున మాడినవి మాకు. మీగడ చిలకడం మానేసింది అమ్మ, అతనికి పెరుగు మీద మీగడ ఉండాలని నాయన అన్నాడట. సైకిలు కడ్డీకి బంతి వల కట్టారు, వెనక క్యారియరు మీద ఖాదరు. నేను కడ్డీ ఎక్కబోతే "దిగు తల్లీ, బంతి నలిగిపోతుంది" అన్నాడు నాయన. బంతి నలిగిపోతుందట! కాళ్ళతో తన్నే వస్తువు!

ఆ బంతి మద్రాసు నుంచి రైలు పార్సిలులో వచ్చింది. గట్టి తోలు, మధ్యలో తాడుతో లేసు, లోపల రబ్బరు తిత్తి, సైకిలు పంపుతో గాలి కొట్టేవారు. మా వైపు ఎండలకు తోలు పగుళ్ళు ఇస్తుందని ఖాదరు చెప్పాడు, దానికి కొవ్వు పట్టించాలన్నాడు. కొవ్వు మాట వినగానే, ఏ గొడ్డుదో అని అవ్వ చెవులు మూసుకుంది. ఆఖరికి ఆముదం అనుకున్నారు. అవ్వ నా తలకని దాచిన ఆముదం! పొద్దు వాలిన వేళ నాయనా ఖాదరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, బంతిని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డపేలికతో గుండ్రంగా రుద్దుతూ, ఎవరు ఎటు నిలబడాలి, ఎవరు ఎవరికి తన్నాలి అని గులకరాళ్ళు పేర్చి మాట్లాడుకునేవారు. ఆ గులకరాళ్ళు నా అచ్చనగాయలు. నా జడ ఆముదం లేక పీచు పీచుగా లేస్తుంటే, బంతి నిగనిగా మెరిసిపోయేది.

వానలు పడ్డాక ఆటలు మొదలయ్యాయి. వినాయక చవితి పోయింది, మొహర్రానికి పీర్లు లేచినప్పుడు గుండం చుట్టూ తిరిగిన జనం కూడా ఆట గురించే మాట్లాడుకున్నారు. మా జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఎవరో ఒకరిమీద కాదు, వచ్చినవాళ్ళందరి మీదా. ఊళ్ళో పిల్లలందరూ పాత గుడ్డల్లో దూది కూరి బంతులు కుట్టుకుని వీధులన్నీ తన్నుకుంటూ తిరిగేవారు. చెప్పులు కుట్టేవాళ్ళు పిల్లల కోసం బూట్ల మాదిరి తోలు తొడుగులు కుట్టి అమ్మారు. నాతో వామనగుంటలు ఆడే ఆడపిల్లలు సైతం ఖాదరు మా ఇంట్లో ఉంటాడని నన్ను చూసి నోళ్ళు తెరిచేవారు. నాకు అందులోనూ సుఖం లేదు, వాళ్ళు చూసేది నన్ను కాదు గదా.

ఒకనాడు చేదబావి దగ్గర నీళ్ళకు పోయినప్పుడు, నేను వెనకున్నానని చూసుకోక, ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"కొడుకు లేడు గదమ్మా పాపం, ఆ ఆటగాన్నే కొడుకనుకుంటాండాడు."

"ఇంగేం జేస్తాడు. ఆడబిడ్డ పెండ్లయి పోయేదే గదా."

బిందె అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను. అప్పటిదాకా నా కుళ్ళు మీగడ కోసం, కడ్డీ కోసం, గులకరాళ్ళ కోసం. ఆ పూట నుంచి అది వేరే కుళ్ళు. మా నాయనకు నేను చాలనా? చాలలేదు గనకనే ఇతన్ని తెచ్చుకున్నాడా? ఎవరిని అడగాలో తెలియని ప్రశ్న అది. రాత్రింబవళ్ళు ఎండుమిరప గింజ నాలుక కింద ఇరుక్కున్నట్టు మండుతూనే ఉండేది.

పులివెందుల ఆట తర్వాత అది ఇంకా ముదిరింది. పెన్న దాటి, లారీ కట్టుకుని ఊరి మగవాళ్ళు సగం మంది పోయారు. పులివెందుల పిల్లలు బూట్లు లేకుండా ఆడతారు, అయినా గట్టివాళ్ళు, రాళ్ళల్లో పెరిగిన కాళ్ళు. అక్కడ వాళ్ళ ఊళ్ళో వాళ్ళమీద గెలవడం అంటే మాటలు కాదు. సాయంత్రానికి లారీ పొలిమేరలోకి రాగానే అరుపులు వినపడ్డాయి. వీధి మలుపులో చూద్దును కదా, ఖాదరు మా నాయన భుజాల మీద ఉన్నాడు. నన్ను ఎక్కించుకుని తిరునాళ్ళు చూపించిన భుజాలవి.

భోజనాల దగ్గర నాయన ఆట చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే పెరుగన్నంలోకి వచ్చాడు, చెబుతూనే కారం అద్ది, మీగడ పెట్టి, ముద్ద చేశాడు. నేను అరచెయ్యి చాపే ఉన్నాను. ఆయన ఆ ముద్దను తీసుకెళ్ళి ఖాదరు చేతిలో పెట్టాడు.

"ఏందిరా నాయనా ఈ పని!" అంది అవ్వ, గడపలో నిలబడిపోయి. ఆమె బాధ ఎంగిలిది, నా బాధ వేరు.

ఖాదరుకు మాత్రం వెంటనే అర్థమైంది. ముద్ద అట్లాగే పట్టుకుని నా వైపు చాపాడు. "ఇదో తల్లీ, ఇది నీది. అన్న మర్సిపొయినాడు."

చెయ్యి వీపు వెనక దాచుకున్నాను. "నాకేం వద్దు. ఆయన్నే తినమను."

ఖాదరు నవ్వాడు. "మా జైనబి గూడా అచ్చం ఇట్లే మూతి తిప్పుతాదన్నా. ఈమె ఈడుదే. వాళ్ళమ్మ కాడ బళ్ళారిలో ఉండాది." నాయన "అట్నా" అన్నాడు, అని మళ్ళీ ఆటలోకి వెళ్ళిపోయాడు. ఆ మనిషికి పెళ్ళాం ఎక్కడుంది, బిడ్డ ఎట్లా ఉంది అని మా ఊళ్ళో ఎవరైనా అడిగినట్టు నేనెరగను. నాకు మాత్రం ఆ బళ్ళారి పిల్ల మీద కూడా కుళ్ళు పుట్టింది. దాని నాయనను ఎవరూ లాక్కోలేదు గదా, దూరంగా ఉన్నా దాని నాయన దాని నాయనే.

ఆ మరునాటి నుంచి ఖాదరు ప్రతి పూటా తన పళ్ళెంలో చివరి ముద్ద ఒకటి చేసి నా వైపు చాపేవాడు. "తిను తల్లీ" అనేవాడు. నేను ఒక్కనాడూ పట్టలేదు. నాయన ముద్ద సంగతి అంటారా, ఆటల కాలం ముదిరేకొద్దీ ఆయన మరిచిపోయిన రోజులే ఎక్కువ.

నాకు మిగిలిన ఆశ ఒక్కటే, ఉగాది. ఉగాదికి జీతం తీరుతుంది, పోతాడు. "ఉగాది ఎప్పుడొస్తాదవ్వా?" అని అవ్వను పొద్దస్తమానం అడిగేదాన్ని. కొత్త పావడా కోసం అడుగుతున్నానని అవ్వ మురిసిపోయి పంచాంగం చూడమని అయ్యవారికి కబురు పెట్టింది. ఆ జట్టు పెట్టిన పెద్దమనుషుల్లో ఒక్కరికైనా గుర్తులేని సంగతి నా నాలుక చివర ఉండేది. కుళ్ళుబోతుకు ఉన్న జ్ఞాపకశక్తి ఎవరికీ ఉండదు.

కప్పు కోసం ఆఖరి ఆట మాకూ జమ్మలమడుగుకూ పడింది. ఉగాదికి ముందే జరగవలసింది. కప్పు ఇవ్వడానికి వస్తానన్న పెద్దాఫీసరుకు తీరిక లేక, ఆటను ఉగాది మరునాటికి జరిపారు. అరుగు మీద ఆ వార్త చదివి అందరూ "మంచిదే, పండగ చేసుకుని ఆడొచ్చు" అనుకున్నారు. నేను గడప మీంచి గట్టిగానే అన్నాను, "ఉగాదికి బళ్ళారాయన జీతం తీరిపోతాది గదా" అని. శెట్టి తువ్వాలు విసురుకుంటూ పకపకా నవ్వి, "పొయ్యి చెంబుతో నీళ్ళు తేమ్మా" అన్నాడు. తెచ్చాను.

ఉగాది పొద్దున అమ్మ భక్ష్యాలు కాలుస్తోంది, ఇల్లంతా బెల్లం, ఏలకులు, నెయ్యి. వాకిట్లో మామిడాకులు, నా ఒంటి మీద గంజి వాసన పోని కొత్త పావడా. నాయన తెల్లవారకముందే ముగ్గుపిండి బుట్ట తీసుకుని మైదానానికి పోయాడు, గీతలు గీయించాలని, పందిరి వేయించాలని. ఖాదరు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని పంచలో కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. అతను తింటున్నాడు గానీ కళ్ళు వీధి వైపే. భక్ష్యం తుంచి తుంచి తింటున్నాడు. "అన్న యాడికి పొయినాడవ్వా?" అని అడిగాడు. "యాడికి పోతాడు, మీ ఆటకాడికే" అంది అవ్వ. అతను ఇంకో భక్ష్యం అడిగి వేయించుకున్నాడు, తినలేక తినలేక తిన్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. ఎండ అరుగు దాటి పంచలోకి వచ్చింది. ఎవరూ రాలేదు. చివరికి లేచి, పళ్ళెం తీసుకెళ్ళి, చెయ్యి కడుక్కుని, ఆ పళ్ళెం ఎప్పటిలాగే తనే కడిగి బోర్లించాడు.

వీధి చివర జమ్మలమడుగు పెద్దమనిషి ఒకాయన జట్కా నిలిపి పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడని తర్వాత తెలిసింది. ఆయనా రైతే. ఉగాది ఎప్పుడో ఆయనకూ తెలుసు. ఆసుపత్రి దారిలో ఒక ఇల్లు చూపిస్తాం, పెళ్ళాం బిడ్డను పిలిపించుకో అన్నాడట. ఖాదరు ఆకూవక్కా పట్టాడు.

కబురు మైదానానికి పోయింది. నాయన ముగ్గుపిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు, వెనక శెట్టి రొప్పుకుంటూ. ఖాదరు మూట కట్టుకుని అరుగు కింద నిలబడి ఉన్నాడు.

"అడగలేదు గదన్నా" అన్నాడు.

నాయన ముగ్గుపిండి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "అడగాలని తోచలేదురా" అన్నాడు. "ఇంట్లో మనిషిని ఎవురన్నా ఉంటావా అని అడుగుతారా?"

ఆ మాట నాకు తగిలిన చోటు ఇప్పటికీ చూపించగలను. ఉగాది వచ్చింది, అతను పోతున్నాడు, నేను గెలిచాను, కానీ గెలిచిన క్షణానే అతన్ని ఇంట్లో మనిషి అనేశాడు నాయన. శెట్టి మాత్రం ఊరుకోలేదు. పోనీగాకు, పట్టుకో అన్నాడు. అదీ కుదరకపోయేసరికి "బూట్లన్నా ఇప్పి పొమ్మనప్పా, మనం కుట్టించినవి" అన్నాడు.

"ఏం మాట శెట్టీ అది. జీతగాడు చెప్పులు ఇడిసి పోతాడా? ఉగాది దాకా అని తెచ్చింది మనమే, ఉగాదికి పోతాండాడు. పోనీ" అన్నాడు నాయన. జట్కా కదిలిపోయింది. మిగిలిన ఆటగాళ్ళు ఆ ఒక్క ఆటకూ ఉంటామన్నారు.

మరునాడు ఆటకు నన్ను తీసుకుపోయాడు నాయన. క్యారియరు ఖాళీ, కడ్డీ ఖాళీ. తువ్వాలు మడిచి కట్టి, నన్ను ఎక్కించుకుని, మైదానం అంచున సైకిలు ఆపి ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. నా చోటు నాకు వచ్చింది. నెత్తి మీద గడ్డం గుచ్చుకుంది, బీడీ కంపు వచ్చింది, ఆ గంట నాకంటే సంపన్నురాలు కడప జిల్లాలో లేదు. అప్పుడే నేను మొదటిసారి ఖాదరు ఆట చూశాను. అబద్ధం చెప్పకూడదు, చూడముచ్చటగానే ఉంది. జమ్మలమడుగు చొక్కాలో, మా ఊరి బూట్లతో, మా ఊరి మనుషులను ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ వచ్చి, మా గోల్లోకి తన్నాడు. మైదానమంతా నోరు పడిపోయింది. ఒక్క మనిషి మాత్రం రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. హ్యాండిల్ వదిలేసి. సైకిలుతో సహా నేను ముగ్గుపిండి గీత మీద పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. నాయన చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

మేం ఓడిపోయాం. ఊరు మా నాయనను చాలా రోజులు మాటలతో పొడిచింది, జనం మా అరుగు ఎక్కడం తగ్గించారు. మిగిలిన ఆటగాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. జీతమిచ్చి ఆడించిన ఆ జట్టుకు మొదటి ఏడే ఆఖరి ఏడు అయింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం నాయన నన్ను తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. ఖాదరు కంబళి మరిచిపోయాడట, ఇచ్చి రావాలట. రోహిణి ఎండల్లో కంబళి! సాకు అని నాకు తెలుసు. ఆసుపత్రి దారిలో చిన్న ఇల్లు, గుమ్మానికి గోనెపట్టా తెర. ఖాదరు నాయనను చూసి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతని భార్య తెర వెనక నుంచే అన్నం, మాంసం కూర, పెరుగు పంపించింది. నాయన అక్కడ నేల మీద కూర్చుని తిన్నాడు. "అవ్వకు చెప్పొద్దు" అన్నాడు నాతో మెల్లగా. ఖాదరు పక్కన, మోకాలికి మోకాలు ఆనించి, నా ఈడు పిల్ల ఒకతి కూర్చుని ఉంది. జైనబి. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఏడాది పొడుగునా నేను ఖాదరును చూసిన చూపే.

"ఈమేనా?" అంది వాళ్ళ నాయనతో. "ఏడాదంతా నువ్వు ముద్దలు పెట్టింది ఈమెకేనా?"

"యాడ తినింది, ఒక్కనాడు గూడా పట్టలేదు" అని నవ్వాడు ఖాదరు. మాట్లాడుతూనే పెరుగన్నంలోకి వచ్చాడు, ముద్ద చేశాడు, ఏడాది అలవాటు, చెయ్యి నా వైపు చాపాడు. జైనబి అరచెయ్యి అప్పటికే చాపి ఉంది.

నేను చెయ్యి చాపాను. "పెట్టు చిన్నాయనా" అన్నాను.

ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, జైనబి మొహం చూస్తూ, నిదానంగా తిన్నాను. అంత రుచి నేను మళ్ళీ ఎరగను. ఆ రుచిలో ఉండగానే పక్క నుంచి నాయన గొంతు వినపడింది.

"అట్నా! వాడు పెడితే తింటావా? నేను పెట్టకపోతే అడగను గూడా అడగవు!"

తిరిగి చూస్తే మా నాయన మొహం చిన్నబోయి ఉంది. పెద్ద మనిషి, మీసాల మనిషి, పెదవి బిగబట్టి, గబగబా పెరుగన్నం కలుపుతున్నాడు. కారం అద్దాడు. మీగడ కోసం గిన్నెలో వెతికాడు. ఎప్పుడూ లేనంత పెద్ద ముద్ద చేసి, ఖాదరు చెయ్యిని పక్కకు నెట్టి, నా మూతి దగ్గరికే తెచ్చాడు. "ఇది తిను" అన్నాడు. చేదబావి దగ్గర పుట్టిన ప్రశ్నకు నాకు అక్కడ జవాబు దొరికింది. మా నాయన నా కోసం కుళ్ళుకున్నాడు.

ఇప్పుడు ఆ మైదానం లేదు, దాని మీద వరసగా అంగళ్ళు వెలిశాయి. ఉగాదికి జీతగాళ్ళు మారే పద్ధతి పోయింది, పోవలసిందే. టీవీలో ఆటగాళ్ళను కొంటారట, అమ్ముతారట, మా మనవడు చెబుతుంటాడు; వాడి బంతికి వాసన లేదు, దానికి ఆముదం అక్కర్లేదు. వాడు ఫోను చూసుకుంటూ చెంచాతో తింటాడు. నేను చివరి ముద్ద చేసి పిలిస్తే "వద్దు జేజీ, చేతులు జిడ్డవుతాయి" అంటాడు. నాయన పోయాడు, ఖాదరు చిన్నాయన పోయాడు, ఆ అరుగు కూడా పోయింది.

మొన్న ఆముదం సీసా సంచిలో వేసుకుని ఇంటికి వచ్చి జైనబికి ఫోను చేశాను. జమ్మలమడుగులోనే ఉంటుంది, దానికీ మోకాళ్ళే. అదీ ఇదీ మాట్లాడాక "ఏం తిన్నెవు?" అని అడిగింది. పెరుగన్నం అన్నాను.

"మా నాయన ముద్ద తిన్నెదానివి నువ్వు" అంది. "నా ఎదురుగానే తిన్నెవు."

"తిన్నె. ఏం ఇప్పుడు?" అన్నాను.

దాని గొంతులో ఆ పాత కుళ్ళు ఇంకా ఉందా, వయసుతో పాటు ఆరిపోయిందా అని ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాను. ఉంది. ప్రాణం కుదుటపడింది. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఈ భూమి మీద అదొక్కతే మిగిలింది, దాన్ని మోకాళ్ళకు ఆముదం రాసుకోమని రోజూ చెబుతున్నాను.